గొలుసు బండ్లూ గాసునూనె డబ్బాలూ

భద్రాచలం గోదావరి వంతెనకు అరవై ఏళ్లు నిండాయి. 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించిన ఆ వంతెన మీద నాలుగు మాటలు రాయాలని కూర్చుంటే, కళ్లముందు మొదట కదిలింది ఒక ఆయిల్ ట్యాంకరు. సారపాక వైపు నుంచి మెల్లగా వంతెన ఎక్కుతోంది. దాని పొట్టకింద ఒక ఇనప గొలుసు వేలాడుతూ, కొస రోడ్డుకు రాసుకుంటూ, సన్నగా చప్పుడు చేసుకుంటూ పోతోంది. నాకప్పుడు ఎనిమిదేళ్లుంటాయి. పక్కన మా మేనమామ ఉన్నాడు. పాల్వంచ, కొత్తగూడెం దారుల్లో లారీ తోలిన మనిషి.

"మామయ్యా, ఆ గొలుసు ఊడిపోయిందా?" అన్నాను.

"ఊడిపోలేదురా. పిడుగు దిగిపోవడానికి కట్టారు. బండి ఒంట్లోనే చిన్న చిన్న పిడుగులు పుడతయ్" అన్నాడు.

ఆయన చదివింది ఐదో తరగతి. ఆ తర్వాత ఫిజిక్సు పుస్తకంలో అదే సంగతిని నాలుగు పేజీల్లో చదువుకున్నాను. నూనె గొట్టంలో పారినా, ట్యాంకులో అటూ ఇటూ ఊగినా, టైరు రోడ్డుకు రాసుకున్నా విద్యుదావేశం పుడుతుంది. రబ్బరు టైర్లు దాన్ని నేలలోకి పోనివ్వవు. పోగుపడి పోగుపడి ఒక్క రవ్వ ఎగిరిందంటే పెట్రోలు ఆవిరికి అది చాలు. అందుకని ఆ గొలుసు. ఇప్పుడైతే సరుకు దించేటప్పుడు బండికి రాగి తీగ తగిలించి నేలకు కలుపుతున్నారు.

ఇంకా చాలా ఏళ్లకు తెలిసింది, ట్యాంకర్ల కథలో అంతకంటే ముందే మరో గొలుసు ఉందని. ఆ గొలుసు బండినే నడిపేది. ఆ రెండు గొలుసుల మధ్య మా అడవి అంచుకు వెలుతురూ వేగమూ ఏ దారిన వచ్చాయో చెప్పాలని నాకు ఎప్పటినుంచో ఉంది.

అంతకుముందు వందల ఏళ్ల ముచ్చట చెప్పడానికి ఎక్కువ మాటలు పట్టవు. ఖమ్మం కోట కట్టినవాళ్ల కాలంలోనూ, పాల్వంచ తహసీల్దారు కంచర్ల గోపన్న రాముడికి గుడి కట్టించి గోల్కొండ చెరసాలకు పోయిన 17వ శతాబ్దంలోనూ రాత్రికి ఉన్న దిక్కు ఆముదం. అడవిలోకి పోతే ఇప్పగింజల నూనె, కానుగ నూనె. అవి ఊరి గానుగలోనే ఆడేవి, ఊళ్లోనే వెలిగేవి. దీపానికి కావలసింది పెరట్లోనో అడవిలోనో దొరికినంత కాలం దాన్ని మోసుకొచ్చే బండి అవసరం ఎవరికీ రాలేదు.

1860లో నిజాం గోదావరి ఎడమ ఒడ్డున ఉన్న భద్రాచలం ప్రాంతాన్ని ఇంగ్లీషువాళ్లకు ఇచ్చాడు. అది మొదట మధ్య పరగణాల కింద ఉండి, 1874లో మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాలో కలిసింది. ఆ మధ్యలోనే ఆర్థర్ కాటన్ కలగన్న ఎగువ గోదావరి జలమార్గం కోసం హెయిగ్ అనే ఇంజనీరు దుమ్ముగూడెం దగ్గర ఆనకట్టా లాకులూ కట్టించాడు. 1871లో ఆ పనులన్నీ ఆపేశారు. సరిగ్గా అదే 1871లో విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు ఉన్నట్టు గుర్తించాడు. ఒక ఒడ్డున పడవదారి ఆగిపోతే, రెండో ఒడ్డున రైలుదారికి అంకురం పడింది. 1889 నాటికి సింగరేణి బొగ్గు తవ్వకం మొదలైంది.

ఇక గాసునూనె. కుడి ఒడ్డున నిజాం ఇలాకాలో పుట్టిన మా నాయనమ్మ దాన్ని గాసునూనె అనేది. ఎడమ ఒడ్డు నుంచి కోడలిగా వచ్చిన మా అమ్మ కిరసనాయిలు అనేది. ఒకే సీసాకు ఇంట్లో రెండు పేర్లు. ఆ రెండు పేర్ల మధ్య ఒకప్పుడు ఒక సరిహద్దే పారేది. ఇటు నిజాం హాలీ సిక్కా, అటు ఇంగ్లీషువాళ్ల కల్దార్ రూపాయి. ఏడు హాలీలిస్తే ఆరు కల్దార్లు. నది దాటి నిజాం ఇలాకాలోకి వచ్చే సరుకుకు కరోడ్‌గిరీ వాళ్ల సుంకం. భద్రాచలం రేవుకు సరుకు రాజమండ్రి నుంచి పాపికొండల మధ్యగా వంద మైళ్లకు పైగా ఎదురీది రావాలి. ఇటువైపు సరుకు డోర్నకల్ నుంచి రైల్లో వచ్చి, ఆపైన ఎడ్లబండి ఎక్కాలి.

ఏ దారిన వచ్చినా వచ్చేది డబ్బాలోనే. నలుచదరపు రేకు డబ్బా, నాలుగు గ్యాలన్లు, అంటే మన లెక్కన 18 లీటర్లు. రెండు డబ్బాలకు ఒక చెక్కపెట్టె. నూనె నీళ్లకన్నా తేలిక కనుక నిండు డబ్బా పదిహేను కిలోలకు కాస్త అటూ ఇటూ తూగుతుంది. కావడికి రెండు డబ్బాలు కడితే ఒక మనిషి మోయగల బరువు. ఆ కొలత పెట్టినవాళ్లు మా కోయగూడేల కాలిబాటలను చూసి ఉండరు. అయినా ఆ బాటల కోసమే పుట్టినట్టుండేది ఆ డబ్బా.

1892లో మార్కస్ శామ్యూల్ అనే లండన్ వర్తకుడు 'మ్యూరెక్స్' అనే ట్యాంకరు ఓడను బాటుం రేవులో రష్యా కిరసనాయిలుతో నింపి, సూయజ్ కాలువ మీదుగా తూర్పు దేశాలకు పంపాడు. సూయజ్ దాటిన మొదటి ట్యాంకరు ఓడ అది. డబ్బా ఖర్చు లేదు, పెట్టె ఖర్చు లేదు, ఓడ పొట్టనిండా నూనే. అమెరికా స్టాండర్డ్ ఆయిల్ కంపెనీని ధరలో కొట్టేయొచ్చని లెక్క. తీరా తూర్పు దేశాల రేవుల్లో సరుకు దింపాక ఒక అడ్డంకి వచ్చింది. జనానికి నూనెతోపాటు డబ్బా కూడా కావాలి! ఖాళీ డబ్బా ఇంటి కప్పవుతుంది, బక్కెటవుతుంది, కుంచమవుతుంది, దీపపు బుడ్డి అవుతుంది. స్టాండర్డ్ వాళ్ల నీలం డబ్బా ఆసియా అంతటా ఇళ్లలో చేరిపోయి ఉంది. శామ్యూల్ వెంటనే రేకు పంపించి, రేవుల దగ్గరే డబ్బాలు చేయించి, ఎర్రరంగు పూయించి అమ్మించాడు. సముద్రం మీద ట్యాంకరు గెలిచింది, గడప దగ్గర డబ్బాయే గెలిచింది. ఆ వ్యాపారమే కొన్నేళ్లకు షెల్ కంపెనీ అయింది. 1928లో బర్మా ఆయిల్‌తో కలిసి మన దేశంలో బర్మా షెల్ అయింది.

మా ఇంట్లో బియ్యం కొలిచే డబ్బా అటువంటిదే. పైన చెక్కపిడి బిగించి, అంచులు మడిచి కొట్టి ఉండేది. ఎన్ని ఎండాకాలాలు గడిచినా వర్షాకాలపు తేమ తగిలితే అడుగున చిన్నగా గాసునూనె వాసన వచ్చేది.

ఓడ ట్యాంకరయింది, రైలు పెట్టె ట్యాంకయింది. మరి రోడ్డు మీద? గుర్రాలు లాగే పీపా బండ్లు పాశ్చాత్య నగరాల్లో ఇంటింటికీ కిరసనాయిలు పోసేవి. మోటారు వచ్చాక ఆ పీపాను మోటారు బండి మీదికి ఎక్కించాలనుకున్నారు. అక్కడ నాకు ఎంతో ఇష్టమైన ఘట్టం మొదలవుతుంది.

అప్పటికే చాలా కార్లు ఇప్పటి లారీల్లా షాఫ్టుతో నడుస్తున్నాయి. ఇంజను నుంచి పొడవాటి కడ్డీ వెనక ఇరుసుదాకా పోయి, అక్కడ పళ్లచక్రాలను తిప్పుతుంది. నలుగురు కూర్చునే కారుకు అది సరిపోయింది. మూడు టన్నుల సరుకు ఎక్కిస్తే ఆ పళ్లు తట్టుకోలేదు. అప్పటి ఉక్కు అంత గట్టిది కాదు, పళ్లు కోసే యంత్రాలు అంత కచ్చితమైనవి కావు. టైర్లా, గాలి లేని గట్టి రబ్బరు పట్టాలు. రాతిరోడ్డు మీద ప్రతి కుదుపూ నేరుగా ఇరుసులోకే పోయేది.

దానికి విరుగుడు సైకిల్ తొక్కిన ప్రతివాడికీ తెలిసిందే. 1880లో మాంచెస్టర్‌లో హాన్స్ రెనాల్డ్ రోలర్ గొలుసు తయారుచేశాడు. అదే సూత్రాన్ని బలంగా, వెడల్పుగా, బరువుగా చేసి లారీకి తగిలించారు. ఇంజను ముందుంటుంది. దాని బలం గేరుపెట్టె దాటి, బండి నడుమ అడ్డంగా ఉన్న ఒక ఇరుసుకు చేరుతుంది. ఆ ఇరుసు రెండు కొసల్లో రెండు చిన్న పళ్లచక్రాలు. వెనక చక్రాలకు రెండు పెద్ద పళ్లచక్రాలు. కుడివైపొక గొలుసు, ఎడమవైపొక గొలుసు. వెనక ఇరుసుకు ఇక తిరిగే పనే లేదు. అది బరువు మోసే ఉత్త ఇనపదూలం. చక్రాలు దానిమీద వాటంతట అవి తిరుగుతాయి. గట్టుదారిలో ఇంకా బలం కావాలా? చిన్న పళ్లచక్రం విప్పి అంతకన్నా చిన్నది బిగించు. గొలుసు లంకె తెగిందా? రోడ్డు పక్కనే కూర్చుని కొత్త లంకె వెయ్యి. పెద్ద కర్మాగారం అవసరం లేకుండా, సుత్తీ కానూ తెలిసిన మనిషి బాగుచేసుకోగల యంత్రమది. అందుకే నాకది అంత ఇష్టం.

గ్లాస్గోలో 1899లో మొదలైన ఆల్బియన్ కంపెనీ 1910 నుంచి 1926 దాకా 'ఎ10' అనే మూడు టన్నుల గొలుసు లారీ చేసింది. 32 అశ్వశక్తి ఇంజను. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం వాటిని 6,000 దాకా తీసుకుంది. యుద్ధం ముగిశాక సైన్యం వద్దనుకున్న లారీలు చవగ్గా అమ్ముడుపోయి, బరువు బండ్లుగా, జనం బండ్లుగా ఇంకో బతుకు బతికాయి. అమెరికాలో మాక్ కంపెనీ 1916లో 'ఎసి' లారీ తెచ్చింది. దాని చప్పిడి ముక్కూ మొండితనమూ చూసి బుల్‌డాగ్ అన్నారు. కంపెనీ ఆ బుల్‌డాగ్‌నే తన గుర్తుగా చేసుకుంది. ఆయిల్ కంపెనీల ట్యాంకులు మోసిన బండ్లలో అదొక పేరున్న బండి. తక్కిన కంపెనీల్లో చాలావరకు గొలుసు వదిలేసినా మాక్ 1930ల చివరిదాకా ఆ బండిని చేస్తూనే ఉంది. ఇంగ్లండులో స్కామెల్ వాళ్లు 1920లలో గొలుసుతో లాగే పొడవాటి బండికి వెనక ట్యాంకు తగిలించారు. తర్వాత ఆ ట్యాంకుకు విడిగా చట్రం లేకుండా చేశారు. ట్యాంకే బండికి వెన్నెముక.

నూనె మోయడం బస్తాలు మోసినట్టు కాదు. బస్తా పెట్టినచోట ఉంటుంది. నూనె ఉండదు. సగం నిండిన ట్యాంకు మలుపు తిరిగితే లోపలి నూనె బయటివైపుకు ఎగబడి బండిని పక్కకు తోస్తుంది. బ్రేకు వేస్తే ముందుకు ఉరికి డ్రైవరును నెడుతుంది. అందుకే ట్యాంకును గదులుగా విడగొట్టి, లోపల రంధ్రాలున్న అడ్డుగోడలు పెట్టారు. గొలుసు బండి నింపాదిగా లాగే లాగుడు ఆ సరుకుకు కుదిరింది.

గొలుసుతో బాధలూ ఉన్నాయి. దుమ్ము తాగుతుంది, బురద తింటుంది, అరిగి సాగుతుంది. రొద చెప్పనక్కరలేదు. వాడగా వాడగా విప్పి, కిరసనాయిల్లో కడిగి, కరిగించిన కొవ్వులో గ్రాఫైటు కలిపి అందులో నానబెట్టి, తుడిచి మళ్లీ ఎక్కించాలి. కిరసనాయిలు మోసే బండి గొలుసుకు కిరసనాయిలుతోనే స్నానం! అసలు భయం వేరే ఉంది. చాలా బండ్లలో కాలి బ్రేకు పనిచేసేది ఆ అడ్డపు ఇరుసు మీదే. దిగుడులో గొలుసు తెగితే ఆ వైపు లాగుడుతోపాటు బ్రేకూ పోయేది. చేతి బ్రేకు ఒక్కటే నేరుగా చక్రాన్ని పట్టేది. వెనక వేల లీటర్ల మండే నూనె పెట్టుకుని, చెవి గొలుసు చప్పుడు మీదే ఉంచి బండి తోలినవాళ్ల గుండెధైర్యానికి దండం పెట్టాలి.

మేలైన ఉక్కు, గాలి టైర్లు, బలమైన వెనక ఇరుసులు వచ్చాక గొలుసు లారీల కాలం ముగిసింది. ఆ కాలమంతా గోదావరి ఒడ్డున ఎడ్లబండి కాలమే. 1920ల చివరికి రైలు కొత్తగూడెం చేరింది. ఆ స్టేషనుకు భద్రాచలం రోడ్ అని పేరు పెట్టారు. రాముడు అక్కడికి 40 కిలోమీటర్ల అవతల, గోదావరి దాటాక ఉన్నాడు. ఆ మూడామడలే మా ప్రాంతపు ఇంధన చరిత్ర అంతా. ప్రపంచం వేల మైళ్లు ఓడల్లో, రైళ్లలో దాటించిన నూనె ఈ మూడామడల దగ్గరికొచ్చి బండెద్దుల అడుగుల్లో అడుగేసేది. గడ్డి పరిచి, డబ్బాలు కదలకుండా సర్ది, అడవిలో ఒక రాత్రి మజిలీ చేసి, రేవుకు చేర్చి, పడవ ఎక్కించాలి. ఆపైన కావళ్లు. సంతలో కోయవాళ్లూ కొండరెడ్లూ చింతపండూ తేనే పోసి, ఉప్పూ నూనే కొలిపించుకుని, సీసా మెడకు తాడు కట్టి వేలికి తగిలించుకుని ఇళ్లకు పోయేవాళ్లు.

1930లో నిజాం ప్రభుత్వం రైల్వేను సొంతం చేసుకుంది. 1932 జూన్‌లో ఆ రైల్వే కిందే రోడ్డు రవాణా శాఖ మొదలైంది. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. ఆ బస్సులు ఆల్బియన్‌వి. గొలుసు లారీ చేసిన గ్లాస్గో కంపెనీయే అది. ఈ బస్సులు మాత్రం షాఫ్టువి. ఆనాటి బస్సు ఒకటి హైదరాబాద్‌లో ఇప్పటికీ భద్రంగా ఉంది. దాని ముందు నిలబడితే నా చూపు ముందు చక్రాల మధ్యకు, ఆ కిందికి పోయింది. గొలుసు ఉండదని తెలిసీ వంగి చూశాను.

బస్సు వచ్చాక అడవి దారికి పెట్రోలు అవసరమైంది. పదేళ్లు తిరిగేసరికి ఆ పెట్రోలే కరువైంది. 1941లో పెట్రోలు రేషన్ వచ్చింది. 1942 మార్చిలో బర్మాలోని రంగూన్ జపాన్ చేతికి పోయింది. పోయేముందు ఇంగ్లీషువాళ్లు సిరియం శుద్ధి కర్మాగారాన్నీ, ఆపైన యెనాంజాంగ్ నూనెబావులనూ తామే ధ్వంసం చేశారు. ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. మన బుడ్డిదీపాల నూనెలో ఎంతో భాగం బర్మాదే. పల్లెల్లో మళ్లీ ఆముదం ప్రమిదలు బయటికొచ్చాయని మా నాయనమ్మ చెప్పేది.

బస్సులు మాత్రం ఆగలేదు, బొగ్గు తిని నడిచాయి. గనిబొగ్గు కాదు, కట్టెబొగ్గు. బస్సు వెనక మనిషెత్తు ఇనప పీపా. అందులో బొగ్గు పోసి నిప్పంటించి, చాలీచాలని గాలి ఇస్తే అది పూర్తిగా మండక కార్బన్ మోనాక్సైడ్ వాయువు పుడుతుంది. దాన్ని వడగట్టి, చల్లార్చి, ఇంజనులోకి పంపితే పెట్రోలు చేసే పని చేస్తుంది. క్లీనరు పొద్దున్నే లేచి పంకా పిడి తిప్పి తిప్పి నిప్పు రాజేయాలి. అరగంట ఆ పనికే పోయేది. పీపా మూత తీసినప్పుడు మొహం పక్కకు తిప్పుకోకపోతే ఆ విషవాయువుకు తల తిరిగి పడిపోవడమే. ఇంజను బలం మూడో వంతుకు పైగా తగ్గిపోయేది. "ఎత్తు వస్తే అందరం దిగి తోసేవాళ్లం. మొగోళ్లు తోస్తుంటే మేం ముందు నడిచేవాళ్లం. మా నడకే ముందు చేరేది" అనేది నాయనమ్మ. దీపానికి కావలసింది అడవిలోనే దొరికిన రోజులు బండి రూపంలో మళ్లీ ఒక్కసారి వచ్చిపోయాయి.

యుద్ధం తర్వాత సంగతులు ఒక వరసలో పెట్టడం నాకు సాధ్యం కాలేదు. అన్నీ ఒకేసారి జరిగినట్టుంటాయి. 1953లో ఖమ్మం జిల్లా అయింది. 1957లో విశాఖలో కాల్టెక్స్ రిఫైనరీ వచ్చింది. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలు ఖమ్మంలో కలిశాయి. ఆరేళ్లకు వంతెన. అంతదాకా పంటు మీదా పడవల మీదా దాటిన సరుకు ఇక చక్రాల మీదే దాటింది. 1970లలో ఎస్సో ఆయిల్ కంపెనీ హిందుస్థాన్ పెట్రోలియం అయింది, బర్మా షెల్ భారత్ పెట్రోలియం అయింది. కాల్టెక్స్ హిందుస్థాన్‌లో కలిసిపోయింది. గూడేలకు గిరిజన సహకార సంస్థ డిపోల్లో నీలం రంగు కిరసనాయిలు కొలిచి పోశారు. పాల్వంచలో థర్మల్ కేంద్రం, సారపాకలో కాగితం మిల్లు. 12,000 లీటర్ల ట్యాంకరు ఒక్కటి వంతెన దాటితే 660కి పైగా డబ్బాలు దాటినట్టు. విశాఖ నుంచి విజయవాడకు, ఆపైన సికింద్రాబాద్‌కు పైపులైను పడింది. నూనె భూమి కింద చప్పుడు లేకుండా పోతోంది. వంటింట్లోకి గ్యాసు సిలిండరు రావడంతో ఆ రేషను నూనె క్యూలు పలచబడ్డాయి.

2014లో మళ్లీ గీతలు మారాయి. పోలవరం కోసం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో, దాన్ని ఆనుకున్న పల్లెలు ఆంధ్రలో. కాస్త పైకి పోతే ఛత్తీస్‌గఢ్. మూడు రాష్ట్రాల పన్నులు వేరు కనుక డీజిలు ధరలు వేరు. లారీవాళ్లు ఎక్కడ ట్యాంకు నింపాలో లెక్కేసుకుని బయల్దేరుతున్నారు. హాలీ, కల్దార్ లెక్కలు వేసిన మా తాత ఉంటే ఆయనకు ఇందులో కొత్తేమీ కనపడేది కాదు.

గోదావరి కూడా తన లెక్క తాను చూసుకుంటోంది. 1986లో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు. ఆ జూలైలో వంతెన మీద రాకపోకలు ఆపేశారు. ఇప్పుడు పక్కనే రెండో వంతెనా ఉంది.

ఈమధ్య చర్ల దారిలో ఒక చిన్న ఊళ్లో ఆగాను. కిరాణా కొట్టు ముందు బల్లమీద నాలుగు నీళ్లసీసాలు వరసగా పెట్టి ఉన్నాయి. లోపల పెట్రోలు. ఎండ పడి లేత నారింజ రంగులో మెరుస్తోంది. బైకు మీద వచ్చిన కుర్రాడు ఒకటి చాలన్నాడు. కొట్టు నడిపే ఆమె గోడకు తగిలించిన రేకు గరాటు తీసి, బైకు ట్యాంకులో పెట్టి, సీసా వంచింది. చివరి చుక్క దాకా ఆగి, గరాటును రెండుసార్లు తట్టి, మళ్లీ మేకుకు తగిలించింది.